కథలో ఆమె గొంతు ఎలా వినిపిస్తోంది?



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మా వాడికి గ్రామర్‌లో మార్కులు బాగానే వస్తున్నాయి. ఎవరైనా గబగబా ఇంగ్లిష్ మాట్లాడితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. ఏం చేయమంటారు?" నా జవాబు ఎప్పుడూ ఒకటే: వినిపించండి. భాష నేర్పే వరుసను బీఎడ్‌లో మాకు ఇలా చెబుతారు: వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. స్లిప్ టెస్టులు, యూనిట్ టెస్టుల మధ్య మన పిల్లలకు నాలుగోది దండిగా దొరుకుతుంది, మొదటిదే తక్కువ. స్కూల్ బస్సులో గంట, సెలవుల్లో ఊరికి వెళ్లే రైల్లో ఆరు గంటలు. ఆ సమయంలో ఒక ఆడియోబుక్ వింటే ఆ లోటు కొంత తీరుతుంది.

ఏ కథ కావాలో పిల్లల్నే ఎంచుకోమంటే ఎక్కువమంది చెయ్యి వెళ్లేది థ్రిల్లర్ మీదికే. దానికి నాకు అభ్యంతరం లేదు, పైగా సంతోషమే. తర్వాత ఏం జరుగుతుందన్న ఆత్రం ఉంటే తెలియని పదం వచ్చినా పిల్లలు ఆగిపోరు, సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ ముందుకు పోతారు. ఏ వర్క్‌షీటూ అంత ఓపికను నేర్పలేదు.

అయితే ఏ థ్రిల్లర్ వింటున్నారన్నది సగం ప్రశ్నే. అందులో ఆడవాళ్ల మాటలను ఎవరు, ఎలా వినిపిస్తున్నారన్నది మిగతా సగం. ఈ రెండో సగం గురించే ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను. స్త్రీ పాత్రను చులకనగా చదివితే పోయేది మర్యాద ఒక్కటే కాదు, కథలోని సస్పెన్స్ కూడా పోతుంది. అలా వినీ వినీ చెవికి ఒక అలవాటు పడుతుంది. ఆ అలవాటు కథ అయిపోయాక కూడా పోదు.

కన్ను ఇచ్చే స్వేచ్ఛ చెవి ఇవ్వదు

పుస్తకం చదువుతున్నప్పుడు పాత్ర గొంతు ఎలా ఉంటుందో ఊహించుకునేది మనమే. ఆడియోబుక్‌లో ఆ పని మన తరఫున నేరేటర్ చేసేస్తారు. ఒక అమ్మాయి తలుపు తీసి "నాకు భయంగా ఉంది" అంటుంది. పేజీ మీద అవి మూడు మాటలు. వాటినే నేరేటర్ వణుకుతూ, కీచుగా, ముక్కుతో చదివితే వినేవాళ్ల మనసులో ఒక తీర్పు పడిపోతుంది: ఈ పిల్ల ఊరికే భయపడే రకం. అవే మాటలు నెమ్మదిగా, తనను తాను అదుపులో పెట్టుకుంటున్నట్టు చదివితే తీర్పు మారిపోతుంది: ఈమె దగ్గర చెప్పవలసిన విషయం ఏదో ఉంది. రచయిత రాసింది ఒకటే. విన్నది మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులను.

గొంతుకు ఉన్న ఈ బలం తెలుగు ప్రేక్షకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2010లో 'ఏ మాయ చేసావే' చూసినవాళ్లు సమంతను గుర్తుపెట్టుకున్నారు, కానీ ఆ పాత్ర మాట్లాడింది చిన్మయి గొంతుతో. తెర మీద మనిషి కళ్లెదుట ఉన్నప్పుడే గొంతు అంత పని చేస్తే, బొమ్మే లేని ఆడియోబుక్‌లో ఎంత పని చేస్తుందో ఆలోచించండి. అక్కడ గొంతే ముఖం, గొంతే నడక, గొంతే చీర.

క్లాసులో నాటకం పాఠం వచ్చినప్పుడు నేను పాత్రలు పంచి చదివిస్తాను. ఆడపాత్ర ఏ అబ్బాయికైనా వస్తే వెంటనే గొంతు సన్నం చేసి, మెడ తిప్పుతూ చదువుతాడు. క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు తర్వాత అదే పాత్రను చదవమంటే అమ్మాయిలు తలవంచుకుని పుస్తకంలోకి చూస్తారు. అబ్బాయిది చెడ్డ ఉద్దేశం కాదు. ఆడవాళ్లను 'చేసి చూపించడం' అంటే అదేనని ఎక్కడో విన్నాడు, విన్నదే తిరిగి వినిపించాడు.

మగవాళ్లు ఆడపాత్రలను చదవకూడదని నేను అనడం లేదు. మన హరికథనే చూడండి. ఒక్క మనిషే రాముడు, సీత, రావణుడు అవుతాడు. సీత మాట వచ్చినప్పుడు మంచి హరిదాసు గొంతు కీచుగా మార్చడు. మాట నెమ్మదిస్తుంది, చూపు మారుతుంది, అంతే. ఎదురుగా సీత ఉన్నట్టే ఉంటుంది. మంచి నేరేటర్ చేసేదీ ఆ పనే. ఎవరు చదువుతున్నారన్నది పెద్ద ప్రశ్న కాదు. చదివేవారు ఆ స్త్రీని మనిషిగా అనుకుని చదువుతున్నారా, నమూనాగా అనుకుని చదువుతున్నారా అన్నదే ప్రశ్న.

షెర్లాక్ హోమ్స్‌కే గుర్తురాని గొంతు

మన పిల్లలు ఎక్కువగా వినే హోమ్స్ కథల నుంచే రెండు ఉదాహరణలు ఇస్తాను. ఇవి సులభంగా దొరుకుతాయి. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో స్వచ్ఛంద పాఠకులు చదివిన రికార్డింగులు ఉచితం. డబ్బు పెట్టి కొనేవాళ్లకు స్టీఫెన్ ఫ్రై చదివిన హోమ్స్ సంపుటి ఉంది, 2017లో వచ్చింది, 70 గంటలకు పైగా నడుస్తుంది.

మొదటిది 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా'. 1891లో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చిన కథ. ఐరీన్ ఆడ్లర్ అనే గాయని దగ్గర ఒక ఫొటో ఉంటుంది, దాన్ని తెచ్చిపెట్టమని ఒక రాజు హోమ్స్‌ను వేడుకుంటాడు. హోమ్స్ మతగురువు వేషంలో ఆమె ఇంట్లోకి వెళ్లి ఫొటో ఎక్కడుందో కనిపెడతాడు. తిరిగి తన ఇంటి తలుపు దగ్గర నిలబడి తాళం చెవి వెతుక్కుంటుంటే, దారిన పోతున్న ఒక సన్నటి కుర్రాడు పేరు పెట్టి మరీ శుభరాత్రి చెప్పి వెళ్లిపోతాడు. ఈ గొంతు ఎక్కడో విన్నానే అని హోమ్స్ తటపటాయిస్తాడు. మర్నాడు తెలుస్తుంది, ఆ కుర్రాడు మగవేషంలో ఉన్న ఐరీనే అని.

ఇది చెవి కోసమే రాసినట్టున్న ఘట్టం. నేరేటర్‌కు ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. ఆ ఒక్క పలకరింపులో ఐరీన్ గొంతు కొంచెం వినిపించాలి, కానీ పట్టుబడకూడదు. అంతకుముందు ఆమె మాట్లాడే ఒకటి రెండు చోట్ల నేరేటర్ కీచుగొంతు పెట్టి ఉంటే ఇక్కడ రెండే దారులు మిగులుతాయి. అదే కీచుగొంతుతో పలకరిస్తే గుట్టు అక్కడే రట్టవుతుంది. పూర్తిగా మగగొంతుతో పలకరిస్తే, హోమ్స్‌కు ఎందుకు అనుమానం వచ్చిందో వినేవాళ్లకు అర్థం కాదు. రెండు విధాలా కథ దెబ్బతింటుంది.

ఇంకో విషయం. ఐరీన్ కాంట్రాల్టో గాయని అని రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ కథలోనే రాశాడు. పాశ్చాత్య సంగీతంలో ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికంటే మంద్రమైన స్థాయి అది. అంటే ఈమెకు కీచుగొంతు పెట్టిన నేరేటర్ కథను సరిగ్గా చదవలేదనే లెక్క. స్త్రీ అనగానే సన్నటి గొంతు అనుకునే అలవాటు, కాగితం మీద స్పష్టంగా ఉన్న మాటను కూడా కనబడనివ్వలేదు.

హెలెన్ చెప్పింది ఎవరు విన్నారు?

రెండో కథ 'ది స్పెకిల్డ్ బ్యాండ్', 1892లో వచ్చింది. నా ఉద్దేశంలో పెద్ద క్లాసుల పిల్లలున్న ప్రతి ఇంట్లో వినవలసిన కథ.

హెలెన్ స్టోనర్ అనే యువతి పొద్దున్నే హోమ్స్ దగ్గరికి వస్తుంది. వణుకుతూ ఉంటుంది, చలికి కాదు, భయానికి. ఆమె కవల సోదరి జూలియా రెండేళ్ల క్రితం, పెళ్లి పదిహేను రోజులుందనగా చనిపోయింది. ఇప్పుడు హెలెన్‌కు పెళ్లి కుదిరింది. ఇంటి మరమ్మతు పేరుతో ఆమెను సోదరి గదిలోకి మార్చారు. చనిపోయేముందు జూలియా విన్నానని చెప్పిన సన్నటి ఈల, నిన్న రాత్రి హెలెన్‌కూ వినిపించింది. ఆ ఇంటి పెద్ద సవతి తండ్రి డాక్టర్ రాయ్‌లాట్, ఒకప్పుడు కలకత్తాలో ప్రాక్టీస్ చేసి వచ్చినవాడు. తల్లి ఆస్తి మీద వచ్చే ఆదాయం అతని చేతిలో ఉంది. కూతుళ్లకు పెళ్లయితే అందులో వాళ్లకు వాటా ఇవ్వాలి. మిగతాది మీరు ఊహించుకోవచ్చు.

ఈ కథలో పెద్ద భాగం హెలెన్ చెప్పే వాంగ్మూలమే. జాగ్రత్తగా వింటే ఆమె ఎంత మంచి సాక్షో తెలుస్తుంది. ఎన్ని గంటలకు, ఏ శబ్దం, ఏ తలుపు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, అన్నీ వరుసగా చెబుతుంది. ఆమె మణికట్టు మీద వేళ్ల గుర్తులు కమిలి ఉంటాయి. అడిగితే, ఆయనకు తన బలం తనకే తెలియదేమో అని కప్పిపుచ్చబోతుంది. ఆమెను పెళ్లి చేసుకోబోయేవాడు కూడా ఆమె మాటలను భయస్తురాలి భ్రమలుగానే చూస్తాడు. పైకి అనడు గానీ, అతని ఓదార్పు మాటల్లో, పక్కకు తిప్పుకునే చూపుల్లో తనకది తెలిసిపోతోందని ఆమే చెబుతుంది.

ఇక్కడ నేరేటర్ చేసే ఎంపిక చాలా బరువైనది. ఆమె వాంగ్మూలమంతా ఏడుపుగొంతుతో చదివితే వినేవాళ్లు కూడా ఆ కాబోయే భర్త పక్షాన చేరిపోతారు. 'పాపం, కంగారు మనిషి' అనుకుంటారు. ఈల, లోహపు చప్పుడు, గది మార్పు లాంటి ఆధారాలన్నీ ఆ ఏడుపులో కొట్టుకుపోతాయి. అప్పుడు కథలో తెలివి ఉన్నది హోమ్స్ ఒక్కడికే అనిపిస్తుంది. భయం ఉన్నా వివరం తప్పని గొంతుతో చదివితే పిల్లలు చెవులు రిక్కించి ఒక్కో ఆధారాన్నీ ఏరుకుంటారు. హోమ్స్ గొప్పతనం కూడా అప్పుడే సరిగ్గా అర్థమవుతుంది. కనబడని వస్తువును కనిపెట్టడం కంటే ముందు, అందరూ కొట్టిపారేసిన మాటను అతను పూర్తిగా విన్నాడు.

పెద్దలు వినే థ్రిల్లర్ల సంగతి

మీలో కొందరు ఆఫీసుకు వెళ్తూ, వంటగదిలో పని చేసుకుంటూ థ్రిల్లర్లు వింటారని నాకు తెలుసు. మీ విషయంలోనూ ఇదే సూత్రం. 2012లో వచ్చిన గిలియన్ ఫ్లిన్ నవల 'గాన్ గర్ల్' ఆడియోను ఇద్దరు చదివారు. భర్త నిక్ భాగాలు కర్బీ హేబోర్న్, భార్య ఏమీ భాగాలు జూలియా వీలన్. ఆమె డైరీ గురించి కథ మధ్యలో మన అభిప్రాయం మారిపోతుంది. ఎలాగో చెప్పను. మొదటిసారి విన్నప్పుడు ఒక అర్థం, తెలిశాక మళ్లీ వింటే ఇంకో అర్థం వచ్చేలా చదవాలంటే ఆ పాత్రను సగటు 'పాపం భార్య' గొంతులో చదివితే కుదరదు. పౌలా హాకిన్స్ 2015 నవల 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్' ఆడియోలో ముగ్గురు స్త్రీలకు ముగ్గురు నేరేటర్లున్నారు. తాగుడు వల్ల జ్ఞాపకం మీద నమ్మకం పోయిన రేచెల్ ఆ కథకు ముఖ్య సాక్షి. ఆమెను వినేవాళ్లు నమ్మాలా వద్దా అన్న ఊగిసలాటే ఆ కథకు ప్రాణం.

పేర్లు కూడా ఒక కథ చెబుతాయి. స్టీగ్ లార్సన్ రాసిన స్వీడిష్ థ్రిల్లర్ 2005లో 'ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు' అనే అర్థం వచ్చే పేరుతో అచ్చయింది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది 'ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ' అయింది. నేరం చేసినవాళ్ల మీద ఉన్న వేలు తీసి, ఒక అమ్మాయి ఒంటి మీద పచ్చబొట్టు వైపు చూపించినట్టయింది. ఈ పేరాలో, పై పేరాలో చెప్పిన మూడూ పెద్దల పుస్తకాలే. పిల్లల ఫోన్లలో వద్దు.

అయితే ఆడవాళ్లపై హింస ఉన్న థ్రిల్లర్లను పూర్తిగా మానేస్తే సరిపోతుందా? 2018లో బ్రిటన్‌లో బ్రిడ్జెట్ లాలెస్ అనే రచయిత్రి 'స్టాంచ్ బుక్ ప్రైజ్' మొదలుపెట్టారు. కథలో ఏ స్త్రీనీ కొట్టడం, వెంటాడడం, లైంగికంగా హింసించడం, చంపడం ఉండని థ్రిల్లర్‌కే ఆ బహుమతి. ఉద్దేశం మంచిదే. కానీ వాల్ మెక్‌డెర్మిడ్ లాంటి పేరున్న నేరకథల రచయిత్రులే దాన్ని విమర్శించారు. ఆడవాళ్లపై అలాంటి హింస నిజంగా జరుగుతున్నంతకాలం దాని గురించి రాయవలసిందే అన్నది వాళ్ల వాదన.

నేను ఆ రెండో పక్షానే ఉంటాను. ఆ నియమం పెట్టుకుంటే 'స్పెకిల్డ్ బ్యాండ్' కూడా పక్కకు పోతుంది, అందులో జూలియా చనిపోయింది కదా. నిజానికి ఇంట్లో ఒక ఆడపిల్ల భయాన్ని ఎలా వినాలో నేర్పే కథ అది. అందుకే నేను చూసేది చనిపోయింది ఆడమనిషా కాదా అని కాదు. ఆమెకు ఒక పేరు, ఒక మాట, ఒక ఇష్టం, ఒక కోపం ఇచ్చారా? లేక మొదటి అధ్యాయంలో పడేసిన శవం మాత్రమేనా? ఆమె భయాన్ని మనం పంచుకునేలా చదివారా? లేక ఆమె కేకలను బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లా వాడుకున్నారా?

"కథే కదా టీచర్, అంత ఆలోచించాలా?" అని మీరు అనవచ్చు. కథ ఒకటే అయితే అక్కర్లేదు. ఒక సెలవులో పిల్లలు ఇరవై, ముప్పై గంటలు వింటారు. అన్ని గంటలూ ఆడవాళ్లంటే కేకలు, గుసగుసలు, చాడీలు మాత్రమే వినిపిస్తే, అబ్బాయి చెవి ఒకలా తయారవుతుంది, అమ్మాయి నోరు ఇంకోలా తయారవుతుంది. రెండూ నాకు క్లాసులో కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంట్లో చేయదగ్గ పనులు

కొనేముందు శాంపిల్ వినండి. చాలా యాప్‌లలో కొన్ని నిమిషాలు ఉచితంగా వినవచ్చు. అందులో స్త్రీ పాత్ర మాట్లాడే చోటు వస్తే శ్రద్ధగా వినండి. నవ్వొచ్చేలా ఉంటే ఇంకో నేరేటర్ చదివిన ప్రతిని వెతకండి. పాత క్లాసిక్స్‌కు ఒకటికి నాలుగు రికార్డింగులు ఉంటాయి.

స్పీడ్ పెంచనివ్వకండి. 'త్వరగా అయిపోతుంది' అని పిల్లలు ఒకటిన్నర రెట్ల వేగంతో వింటారు. అప్పుడు మాటల మధ్య మౌనం మాయమవుతుంది. థ్రిల్లర్‌లో భయం, ఆలోచన ఉండేది ఆ మౌనంలోనే.

కారులో కలిసి వినండి. అయిపోయాక 'మోరల్ ఏంటి?' అని మాత్రం అడగకండి. 'హెలెన్ మాట నువ్వు ఎప్పుడు నమ్మావు?', 'ఐరీన్‌ను నువ్వైతే గుర్తుపట్టేవాడివా?' అని అడగండి. ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పాలన్న నిబంధన పెట్టకండి. తెలుగులో ఆలోచించి చెప్పినా విన్నట్టే లెక్క.

పిల్లల చేత రికార్డ్ చేయించండి. హెలెన్ మాట్లాడే ఒక పేజీని ఫోన్‌లో రెండు రకాలుగా చదవమనండి: ఒకసారి కంగారు మనిషిలా, ఒకసారి సాక్షిలా. అన్నాచెల్లెళ్లుంటే ఇద్దరి చేతా చేయించండి. పక్కపక్కనే పెట్టి వింటే తేడా వాళ్లకే తెలుస్తుంది, మనం ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఆడవాళ్లు అసలే లేని కథలను కూడా గమనించండి. సత్యజిత్ రాయ్ ఫెలూదా కథలంటే నాకు ఇష్టం, పిల్లలకు ధైర్యంగా ఇస్తాను. కానీ వాటిలో స్త్రీలు దాదాపు కనిపించరు. అందుకే ఒక ఫెలూదా విన్నాక ఒక మిస్ మార్పుల్ వినిపించండి. అగథా క్రిస్టీ 1930 నుంచి నవలల్లో నడిపించిన ఈ ముసలావిడ ఒక మూల కూర్చుని స్వెటర్ అల్లుకుంటుంది. అందరూ ఆమెను పట్టించుకోరు, ఆమె మాత్రం అందరినీ వింటుంది.

మీ నుంచి నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. వినే పదిహేను నిమిషాల్లో ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకోండి: ఈమె చెప్పేది నమ్మేలా చదువుతున్నారా, నవ్వేలా చదువుతున్నారా? రేపు మన ఇంట్లోనే ఒక ఆడపిల్ల, ట్యూషన్ దారిలో ఎవరో వెంటపడుతున్నారనో, ఫలానా బంధువు ఇంటికి వెళ్లనని అనో చెప్పవచ్చు. పెద్ద నేరం జరిగిందన్నట్టు ఏమీ చెప్పదు. ఒక చిన్న ఈల విన్నట్టు, ఒక గది మార్చినట్టు చెబుతుంది. అప్పుడు ఆమె తమ్ముడు నవ్వకుండా, మనం చూపు పక్కకు తిప్పుకోకుండా పూర్తిగా వినాలి. ఆ వినడం ఇప్పటి నుంచే, కథలతోనే అలవాటు చేద్దాం.

– ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, హైస్కూల్ విభాగం